అమ్మ పొట్ట మీద బ్యాగ్: ఇంట్లో వాళ్లం ఎలా సాయపడాలి

పేగు ఆపరేషన్ అయ్యి, మలం పడటానికి పొట్ట మీద అతికించిన బ్యాగ్‌తో అమ్మ ఇంటికొచ్చిన మూడో రాత్రి, రెండు దాటి ఉంటుంది, బాత్రూంలో నీళ్ల చప్పుడు వినిపిస్తే లేచి వెళ్లాను. లైటు కూడా వేసుకోకుండా మా అమ్మ కింద కూర్చుని దుప్పటి ఉతుకుతోంది. బ్యాగ్ ఊడిపోయి పక్కంతా పాడైంది. పొట్ట మీద పాత తువ్వాలు మడిచి ఒక చేత్తో అదిమి పట్టుకుని, రెండో చేత్తో ఉతుకుతోంది. "నన్ను లేపొచ్చు కదమ్మా" అని గట్టిగానే అన్నాను. "నిద్ర చెడుతుందని లేపలేదు పాపా" అంది, తల మాత్రం ఎత్తలేదు. తెల్లారాక గానీ నాకు అర్థం కాలేదు. అంతకు ముందు రోజు బ్యాగ్ మార్చేటప్పుడు నేనూ వదినా ముఖాలు ఎలా పెట్టామో అమ్మ చూసింది, అది ఇంకోసారి చూడలేక చీకట్లో కూర్చుంది.

అందుకే ఈ రాతలో మొదటి మాట బ్యాగ్ గురించి రాయడం లేదు, మీ ముఖం గురించి రాస్తున్నాను. వాసన వస్తుంది, మొదట్లో కడుపులో తిప్పుతుంది కూడా, అది మీ తప్పు కాదు. కానీ ముక్కు మూసుకోవడం, తల తిప్పుకోవడం, "అబ్బా" అనడం, కిటికీలు టపటపా తెరవడం, ఇవన్నీ వాళ్లు గమనిస్తూనే ఉంటారు. నేనైతే ముక్కు కింద కొంచెం జండూబామ్ రాసుకుని కూర్చునేదాన్ని, వారం రోజులకి ఆ అవసరం కూడా లేకుండా పోయింది. పసిబిడ్డ గుడ్డలు మార్చినట్టే ఇదీ చేతికి అలవాటైపోతుంది, నమ్మండి.

మా అమ్మకు మలద్వారం దగ్గర క్యాన్సర్, అందుకని శాశ్వతంగా కొలోస్టమీ చేశారు, అంటే పెద్ద పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి కుట్టారు. మా పెద్దనాయనకు పేగు ఆపరేషన్ తర్వాత నాలుగు నెలల పాటు ఇలియోస్టమీ, అంటే చిన్న పేగుతో అలాగే చేసింది, ఉండింది, తర్వాత లోపల కలిపేశారు. ఈ ఇద్దరి దగ్గరా నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మీ డాక్టరు, ఈ బ్యాగ్ సంగతి చూసే స్టోమా నర్సు చెప్పిన మాటకీ దీనికీ తేడా వస్తే వాళ్ల మాటే వినండి.

స్టోమా గురించి ముందు మీరు తెలుసుకోండి

పేగు చివరను పొట్ట మీదికి తెచ్చి కుడతారు, ఆ చోటుని స్టోమా అంటారు. పెద్ద పేగుతో చేస్తే కొలోస్టమీ, చిన్న పేగుతో చేస్తే ఇలియోస్టమీ, మూత్రం కోసం చేస్తే యూరోస్టమీ. మీ వాళ్లకు ఏది చేశారు, అది ఎప్పటికీ ఉండేదా, కొన్నాళ్లకు తీసేదా అన్నది డిశ్చార్జ్ కాగితంలో ఉందేమో చూడండి, లేకపోతే అడిగి రాయించుకోండి. తిండి, నీళ్లు, మందులు అన్నీ దాన్ని బట్టే మారతాయి.

స్టోమా ఎర్రగా, తడిగా, మన పెదవి లోపలి భాగంలా ఉంటుంది. దాన్ని ముట్టుకుంటే నొప్పి ఉండదు, నొప్పి తెలిపే నరాలు అక్కడ లేవు. ఇది మంచిదే కానీ ఇంకో సంగతి కూడా ఉంది, ఫ్లాంజ్ (స్టోమా పట్టేలా మధ్యలో రంధ్రం కత్తిరించి చర్మానికి అతికించే బిళ్ల, బ్యాగ్ దానికే తగులుకుంటుంది) అంచు ఒరుసుకుని కోసినా వాళ్లకు తెలియదు కాబట్టి కళ్లతో చూసుకోవాల్సిందే. తుడిచేటప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం వస్తే కంగారు పడకండి, పళ్లు తోముతుంటే చిగుళ్ల నుంచి వచ్చినట్టే అది కూడా. మొదట్లో వాచి ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గుతూ ఒక సైజుకి వస్తుంది. అందుకే ఆ రెండు నెలలూ వారానికోసారి కొలవాలి, ఆస్పత్రిలో కత్తిరించి ఇచ్చిన కొలతే పట్టుకుని కూర్చుంటే లీకవుతూనే ఉంటుంది.

ఆపరేషన్ ఇంకా కాని వాళ్లకు ఒక మాట. స్టోమా ఎక్కడ పెడతారో ముందే పెన్నుతో గుర్తు పెట్టమని అడగండి. పడుకున్నప్పుడు బాగున్న చోటు కూర్చుంటే ముడతలోకి పోవచ్చు, అందుకని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంచి చూసి గుర్తు పెట్టాలి, చీర ఎక్కడ కడతారో, పంచె ఎక్కడ బిగిస్తారో కూడా చెప్పాలి. మాకు ఇది తెలియదు, ఎవరూ చెప్పలేదు. మా అమ్మ స్టోమా సరిగ్గా లంగా బొందు పడే చోటే వచ్చింది.

ఇంకొకటి, మాకు ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో బ్యాగ్ మార్చడం ఒక్కసారి, అదీ హడావుడిగా చూపించి పంపేశారు. మీరు అలా ఊరుకోకండి. ఒకసారి నర్సు మారుస్తుంటే మీరు చూడాలి, రెండోసారి మీరు మారుస్తుంటే నర్సు చూడాలి, ఆ తర్వాతే డిశ్చార్జ్ కాగితం తీసుకోండి. పేషెంటుకి ఇష్టమైతే ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, ఇంటికొచ్చాక అదే మీ గురువు. తిరుపతిలో స్విమ్స్‌లో, రుయాలో, చిత్తూరు వైపు వాళ్లయితే వెల్లూరు సీఎంసీలో, ఎక్కడ చూపించుకున్నా సరే, బ్యాగ్ విషయం ఫోన్ చేసి ఎవర్ని అడగాలో ఒక నంబరు రాయించుకున్నాకే కదలండి.

బ్యాగ్ మార్చడం

పొద్దున లేవగానే, కాఫీ కూడా తాగకముందు మార్చండి, ఆ టైమ్‌లో పేగు నెమ్మదిగా ఉంటుంది. అన్నం తిన్న తర్వాత మొదలుపెడితే మధ్యలోనే మోషన్ వచ్చి చేతుల మీద పడుతుంది, మీకూ వాళ్లకూ ఇద్దరికీ ఏడుపొస్తుంది.

ముందు అన్నీ పక్కన పెట్టుకోండి: గోరువెచ్చని నీళ్లు, మెత్తటి నూలు గుడ్డలు, కత్తెర, కొలత కార్డు, పెన్ను, కొత్త ఫ్లాంజ్, కొత్త బ్యాగ్, పేస్ట్, పాత పేపర్, చెత్త కవర్. గుడ్డలకు పాత పంచె చింపుకుంటే దానికి మించింది లేదు. పాత ఫ్లాంజ్‌ని పైనుంచి కిందికి నిదానంగా తీయాలి, ఒక చేత్తో చర్మాన్ని అదిమిపట్టి ఇంకో చేత్తో తీయాలి, గాయం మీది ప్లాస్టర్ పీకినట్టు ఒక్కసారి లాగకూడదు. రాకపోతే తడిగుడ్డ పెట్టి కాసేపు నాననివ్వండి.

తీసిన ఫ్లాంజ్‌ని వెంటనే చుట్టి పారేయకండి. తిప్పి వెనక వైపు చూడండి. ఎక్కడ తెల్లగా ఉబ్బి కరిగిపోయిందో, ఎక్కడ మలం అంచుదాకా పాకిందో అక్కడే లీకు మొదలైందని అర్థం. మాకు ఎప్పుడూ కింద కుడి పక్కనే కరిగిపోయేది. నేను చుట్టూ పేస్ట్ దట్టించి దట్టించి పెట్టాను, అయినా రెండు రోజులకే ఊడేది. ఒకరోజు అమ్మే మంచం అంచున కూర్చుని, అద్దం చేతిలో పట్టుకుని, "చూడు, పడుకుంటే బాగుంటాది, కూర్చుంటే ఇక్కడ ముడత పడతా ఉంది" అని వేలు పెట్టి చూపించింది. నేను ఎప్పుడూ ఆమెను పడుకోబెట్టి మార్చేదాన్ని, నాకు ఆ ముడత కనిపించే వీలే లేదు. ఆ రోజు ఆ ముడతలో మాత్రం పేస్ట్ నింపి చదును చేశాం, నాలుగు రోజులు నిలిచింది. అప్పటిదాకా ఈ పని నాది, పేషెంటు ఆమె అనుకున్నాను. ఆ పొట్ట ఆమెది, దాని సంగతి ఆమెకు తెలిసినంత నాకెప్పటికీ తెలియదు.

పేస్ట్ అంటే జిగురు అనుకుంటారు చాలామంది. అది సందులు పూడ్చడానికి మాత్రమే, గోడ పగుళ్లకు లప్పం పెట్టినట్టు. ఎక్కువ పెడితే ఫ్లాంజ్ ఇంకా త్వరగా ఊడుతుంది. చాలా పేస్టుల్లో ఆల్కహాల్ ఉంటుంది, చర్మం పచ్చిగా ఉంటే భగ్గుమని మండుతుంది.

చర్మాన్ని ఉత్త నీళ్లతో తుడిస్తే చాలు. డెటాల్ వద్దు, పౌడర్ వద్దు, కొబ్బరి నూనె వద్దు, క్రీమ్ వద్దు. చూడటానికి వచ్చినవాళ్లు పసుపు రాయండి, వేపాకు నీళ్లతో కడగండి అని చెబుతారు, ప్రేమతోనే చెబుతారు, తలూపి ఊరుకోండి. నూనె తగిలిన చర్మానికి ఫ్లాంజ్ అంటుకోదు. చర్మం ఎర్రగా తడితడిగా ఉంటే స్టోమా పౌడర్ అని విడిగా దొరుకుతుంది, పలచగా చల్లి, మిగిలింది దులిపేసి దాని మీద అతికించాలి. మగవాళ్లకు పొట్ట మీద వెంట్రుకలుంటే ట్రిమ్మర్‌తో తీసేయండి, లేకపోతే ప్రతిసారీ వెంట్రుకలు పీకినట్టవుతుంది.

ఫ్లాంజ్‌కి రంధ్రం స్టోమా కంటే చుట్టూ రెండు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దదిగా ఉండాలి. పెద్దగా కోస్తే మలం చర్మానికి తగిలి ఒరుస్తుంది, చిన్నగా కోస్తే అంచు స్టోమాని కోస్తుంది. కత్తిరించాక అంచుని వేలితో ఒకసారి నున్నగా తడమండి. రెండు అరచేతుల మధ్య రెండు నిమిషాలు పెట్టి వెచ్చగా అయ్యాక అతికించండి, అతికించాక వాళ్ల అరచేయినే దాని మీద పెట్టి ఐదు నిమిషాలు పడుకోమనండి. ఆ ఒంటి వేడికే అది బాగా పట్టుకుంటుంది.

బ్యాగ్ మూడో వంతు నిండగానే, పోనీ సగానికైనా ఖాళీ చేయాలి. నిండేదాకా ఆగితే బరువుకి కిందికి లాగి ఊడిపోతుంది. రాత్రి పడుకునే ముందు ఒకసారి తప్పకుండా. గాలికి ఉబ్బితే పిన్నుతో గుచ్చకండి, ఆ రంధ్రం నుంచి వాసన వస్తూనే ఉంటుంది, వదలదు. వాసన పోతుందని బ్యాగ్‌లో ఆస్పిరిన్ మాత్ర వేయమని ఎవరైనా చెబితే వినకండి, అది స్టోమాని పుండు చేస్తుంది. వాడేసిన బ్యాగ్‌ని ముందు లెట్రిన్‌లో ఖాళీ చేసి, పేపర్లో చుట్టి, కవర్లో కట్టి, డైపర్లు పారేసినట్టు విడిగా చెత్త బండికి ఇవ్వండి. లెట్రిన్‌లో వేసి నీళ్లు కొడితే పైపు మూసుకుపోతుంది.

ఈ పని పేషెంటు చేతికే ఇవ్వడం

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ప్రేమ కొద్దీ మనమే అన్నీ చేసేస్తాం. "నువ్వు పడుకోమ్మా, నేను చూసుకుంటా." నెల గడిచేసరికి వాళ్లకు ఆ బ్యాగ్ మీ వస్తువైపోతుంది, మీరు బజారుకి పోతే భయం, మీరు ఊరికి పోతే ఏడుపు. కాబట్టి మొదటి వారం మీరు చేయండి, వాళ్లు చూడనవసరం లేదు, కొంతమంది నిజంగానే చూడలేరు, బలవంతం చేయకండి. రెండో వారం గుడ్డ అందించమనండి. తర్వాత పాత ఫ్లాంజ్ వాళ్లనే తీయమనండి. ఆ తర్వాత బ్యాగ్ ఖాళీ చేయడం వాళ్లకే వదిలేయండి, మీరు తలుపు బయట నిలబడండి. చివర్లో కత్తిరించడం, అతికించడం. చేతులు వణికేవాళ్లకు, చూపు సరిగా ఆననివాళ్లకు రంధ్రాలు కత్తిరించి నాలుగైదు ముందే సిద్ధం చేసి పెట్టండి, మిగతాది వాళ్లే చేసుకుంటారు. తప్పుగా అతికిస్తే అతికించనివ్వండి, ఒక ఫ్లాంజ్ పోతుంది, పోనివ్వండి.

ఇంట్లో ఎవరు చూడొచ్చో కూడా వాళ్లే చెప్పాలి. మా పెద్దనాయన కోడలిని దగ్గరికి రానివ్వలేదు, కొడుకు చేస్తేనే ఒప్పుకున్నాడు. ఆమెకు మొదట బాధేసింది, తర్వాత అర్థం చేసుకుని ఫ్లాంజ్‌లు కత్తిరించి ఇచ్చే పని తీసుకుంది. గది తలుపుకి గడియ ఉండాలి. బాత్రూంలో ఒక కొక్కెం, ఒక చిన్న అర, అద్దం, మగ్గు అందే ఎత్తులో పెట్టించండి, పెద్ద ఖర్చేం కాదు.

బట్టలు

లంగా బొందు స్టోమా మీద పడకూడదు. మేం లంగాలకు బొందు తీసేసి వెడల్పాటి మెత్తని ఎలాస్టిక్ కుట్టించాం, అది స్టోమా కంటే కొంచెం పైన కూర్చునేలా. ఇంట్లో నైటీ సుఖం. బయటికి పోతే కాటన్ చీర కుచ్చిళ్లు ఆ వైపుకి కొంచెం ఎక్కువ వచ్చేలా కడితే ఏమీ కనిపించదు. మగవాళ్లు లుంగీ ముడి వేరే పక్కకి మార్చుకోవాలి, ప్యాంటు వేసేవాళ్లకు బెల్టు కంటే సస్పెండర్లు మేలు. ప్లాస్టిక్ బ్యాగ్ చర్మానికి తగిలి చెమటపొక్కులు వస్తాయి, అందుకు పాత నూలు చీరతో సంచిలా ఒక తొడుగు కుట్టండి. అమ్మ తనే నాలుగు కుట్టుకుంది, ఒకటి ఉతికితే ఒకటి.

మన దగ్గర మే నెల ఎండలు మీకు తెలిసినవే, నలభై దాటుతాయి. చెమటకి ఫ్లాంజ్ నాలుగు రోజులు ఆగేది మూడు రోజులకే వదిలేస్తుంది, కాబట్టి వేసవికి నాలుగు ఎక్కువ తెప్పించుకోండి. కొత్త ఫ్లాంజ్‌లని కారులో, రేకుల ఇంటి అటక మీద పెట్టకండి, జిగురు కరిగిపోతుంది. స్నానం రోజూ చేయొచ్చు, బ్యాగ్ ఉండగా చేయొచ్చు, మార్చే రోజు తీసేసి కూడా చేయొచ్చు, స్టోమాలోకి నీళ్లు పోవు. పైపు నీళ్లు గట్టిగా దాని మీద కొట్టకపోతే చాలు.

తిండి

బ్యాగ్ నిండుతుందని భయపడి తిండి మానేస్తారు, ఇది అందరిళ్లలో జరిగేదే. మా అమ్మ రాత్రిపూట తినడం మానేసింది. ఖాళీ కడుపులో గాలి ఇంకా ఎక్కువవుతుందని ఆమెకు చెప్పి ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. మొదటి కొన్ని వారాలు మెత్తటి అన్నం, పెసరపప్పు, ఇడ్లీ, పెరుగు, మెత్తగా కెలికిన సంగటి. తర్వాత ఒక్కో రోజు ఒక్కో కొత్త పదార్థం కలుపుతూ పోండి, ఏది పడిందో ఏది పడలేదో అప్పుడే తెలుస్తుంది. ఉలవలు, అలసందలు, ముల్లంగి, క్యాబేజీ గాలి చేస్తాయి, గుడ్డుకి, ఉల్లిపాయకి వాసన ఎక్కువ వస్తుంది. మజ్జిగ, పెరుగు వాసన తగ్గిస్తాయి. అయితే గాలి చేస్తుందని ఉలవచారు జీవితాంతం మానిపించకండి, ఇంట్లో ఉండే రోజు తింటే ఏం పోయింది. బీట్‌రూట్ తిన్న మర్నాడు ఎర్రగా, ఐరన్ మాత్రలు వేసుకుంటే నల్లగా వస్తుంది, ముందే చెప్పి ఉంచండి, లేకపోతే హడలిపోతారు. కొలోస్టమీ వాళ్లకు మలబద్ధకం కూడా రావొచ్చు, నీళ్లు, ఆకుకూరలు, పండ్లు తగ్గనివ్వకండి.

ఇలియోస్టమీ వాళ్ల సంగతి వేరు, దీన్ని కాస్త జాగ్రత్తగా చదవండి. వాళ్లకు నీళ్లు, ఉప్పు పీల్చుకునే పెద్ద పేగు పనిలో లేదు. బ్యాగ్‌లో ఎప్పుడూ జారుగానే వస్తుంది, రోజుకి లీటరున్నర దాటితే ఒంట్లో నీరు పోతున్నట్టే. మా పెద్దనాయన మామిడికాయల కోతలప్పుడు వద్దంటే వినకుండా తోటకి పోయాడు. దాహం అని చెంబులకు చెంబులు నీళ్లు తాగాడు, ఎంత తాగితే అంతా బ్యాగ్‌లోకే వచ్చేసింది, సాయంత్రానికి కాళ్లు తిమ్మిర్లెక్కి, కళ్లు తిరిగి చెట్టు కింద కూలబడ్డాడు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఉత్త నీళ్లు ఎక్కువ తాగితే ఉన్న ఉప్పు కూడా కొట్టుకుపోతుందని డాక్టరు చెబితే గానీ మాకు తెలియలేదు. వీళ్లకు ఓఆర్ఎస్ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి, ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి, లీటరు నీళ్లకు కలిపే పెద్ద ప్యాకెట్‌ని ఒక గ్లాసులో కలపకండి. కొబ్బరి నీళ్లలో ఉప్పు తక్కువ, అవి ఓఆర్ఎస్‌కి బదులు కావు. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లయితే ఎంత తాగాలో డాక్టర్నే అడగండి.

వీళ్లకు పేగులో అడ్డుపడేవి కూడా ఉన్నాయి: పచ్చి కొబ్బరి, మొక్కజొన్న, చెనిక్కాయలు, పుట్టగొడుగులు, పండ్ల తొక్కలు, కమలా తొనల మీది పొర. చెనిక్కాయల చట్నీ తినాలనిపిస్తే వెన్నలా నూరి కొంచెం పెట్టండి. మామిడిపండు పీచు లేకుండా రసం తీసి ఇవ్వండి. మరీ నీళ్లలా వస్తుంటే అరటిపండు, సగ్గుబియ్యం జావ, పెరుగన్నం కాస్త గట్టిపరుస్తాయి. పైన గట్టి పూత ఉండే మాత్రలు అరగకుండా అలాగే బ్యాగ్‌లో పడిపోవచ్చు, కొత్త మందు రాసే ప్రతి డాక్టరుకీ ఇలియోస్టమీ ఉందని చెప్పండి. విరేచనం అయ్యేలా చేసే మందు మాత్రం ఎవరు చెప్పినా ఇవ్వకండి.

దేవుడి దగ్గర, నలుగురిలో

మా ఇంట్లో అన్నిటికంటే కష్టమైంది ఇదే. అమ్మ నెల రోజులకు పైగా దీపం పెట్టలేదు. దేవుడి గూడు వైపు చూసి గడప బయటి నుంచే దండం పెట్టుకుని వచ్చేసేది. "ఈ కడుపుతో దేవుడి దగ్గరికి ఎట్ల పోయేది?" అంటుంది. నేను పెద్ద పెద్ద మాటలు చెప్పాను, ఏదీ ఎక్కలేదు. ఒక శుక్రవారం మా నాయన కాఫీ తాగుతూ, "ముందు నీ కడుపులో లేదా ఏంది అది? అప్పుడు లోపల పెట్టుకుని పోయినావు, ఇప్పుడు సంచిలో పెట్టుకుని పో" అన్నాడు. అమ్మ ఏం మాట్లాడలేదు. తర్వాతి శుక్రవారం బ్యాగ్ ఖాళీ చేసి, తలస్నానం చేసి, ఉతికిన తొడుగు వేసుకుని దీపం పెట్టింది. ఎవరి ఇంట్లో ఏ మాట పని చేస్తుందో చెప్పలేం, కానీ ఆ విషయం వాళ్ల మనసులో ఉంటుంది, వాళ్లంతట వాళ్లు అడగరు, మీరే ఎత్తండి.

కొండకి పోవాలంటే, ఆపరేషన్ గాయం మానాక, డాక్టరు సరే అన్నాక పోవచ్చు. అలిపిరి మెట్లు 3550, అవి ఎక్కాలన్న మొక్కు ఉంటే మొక్కు అలాగే ఉండనివ్వండి, ఈ ఏడాది బస్సులో పోండి. 65 దాటినవాళ్లకు టీటీడీ వాళ్ల వయోవృద్ధుల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, మామూలు క్యూలో గంటల తరబడి కూర్చోవడం కంటే అది మేలు. బయలుదేరే ముందు ఖాళీ చేయాలి, ఘాట్ రోడ్డు బస్సు ఎక్కేముందు కడుపునిండా తినకూడదు. చేతి సంచిలో ఒక చిన్న జిప్పు పౌచ్: ముందే కత్తిరించిన ఫ్లాంజ్ రెండు, బ్యాగ్‌లు రెండు, గుడ్డలు, చిన్న నీళ్ల సీసా, చెత్త కవర్, ఒక లోలంగా. చెకింగ్‌లో తడిమి చూస్తారు కాబట్టి ముందే మెల్లగా చెప్పండి, డాక్టరు కాగితం ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి. ఊరి పెళ్లికి పోయినా, కాణిపాకం పోయినా ఇదే పౌచ్. చేరగానే బాత్రూం ఎక్కడుందో మీరు వెళ్లి చూసి వచ్చి చెవిలో చెప్పండి, సగం టెన్షన్ దాంతోనే పోతుంది.

ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్నది పేషెంటు ఇష్టం. మా మేనత్తకు నేను నోరు జారి చెప్పేశాను, ఆమె వచ్చి అమ్మ చేయి పట్టుకుని "పాపం, ఈ వయసులో నీకిదేం ఖర్మ" అని ఏడ్చింది, అమ్మ రెండు రోజులు గది బయటికి రాలేదు. తప్పు నాదే. అప్పటి నుంచి ఎవరైనా అడిగితే "పేగు ఆపరేషన్, ఇప్పుడు బాగుంది" అని ఆపేస్తున్నాను. చిన్నపిల్లలు అడిగితే మాత్రం నిజం చెప్పండి, వాళ్లకు అసహ్యం తెలియదు. మా అన్న కూతురు ఒకసారి చూసి "జేజికి పొట్ట మీద చిన్న నోరుంది" అనేసి ఆడుకోవడానికి పోయింది.

భార్యాభర్తలు పక్క దూరం చేసుకుంటారు, ఇది పెద్దలు ఎవరితోనూ మాట్లాడరు. గాయం మానాక దగ్గర కావడానికి అడ్డేమీ లేదు, బ్యాగ్ ఖాళీ చేసుకుని తొడుగు వేసుకుంటే సరిపోతుంది. మొహమాటం పడకుండా డాక్టర్ని అడగొచ్చు. ఆపరేషన్‌లో మలద్వారం అలాగే ఉంచిన వాళ్లకు అప్పుడప్పుడు కిందనుంచి జిగట వస్తుంది, మోషన్‌కి పోవాలనిపిస్తుంది కూడా, అది మామూలే. కొన్నాళ్లు బరువులు ఎత్తనివ్వకండి, నీళ్ల బిందె, బియ్యం మూట, గ్యాస్ బండ ఏదైనా సరే, స్టోమా పక్కన హెర్నియా, అంటే పేగు తోసుకొచ్చి ఉబ్బడం, రావొచ్చు. ఎప్పటి నుంచి ఎంత ఎత్తొచ్చో డాక్టరు చెబుతారు.

రెండు మూడు నెలలైనా ముభావంగా, తిండి సరిగా తినకుండా, నిద్రపోకుండా ఉంటే అదే సర్దుకుంటుందని వదిలేయకండి, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఇంకో మంచి మందు, బ్యాగ్‌తోనే బతుకుతున్న ఇంకో మనిషిని చూపించడం. మీ డాక్టర్నో, స్టోమా నర్సునో అడిగితే మాట్లాడటానికి ఒప్పుకునే పాత పేషెంట్లు ఉంటారు. మా అమ్మ అలా ఒకామెతో ఫోన్‌లో మాట్లాడింది, ఆమె పదేళ్లుగా బ్యాగ్‌తోనే అంగడి నడుపుకుంటోంది. మేం ఆరు వారాలు చెప్పిన ధైర్యం ఆ అరగంటలో వచ్చింది.

ఆస్పత్రికి ఎప్పుడు పరిగెత్తాలి

స్టోమా నల్లగానో, ఊదా రంగుకో మారితే ఆగకండి, వెంటనే. రక్తం చుక్కలుగా కాకుండా ఆగకుండా కారుతున్నా అంతే. కడుపు ఉబ్బి, నొప్పితో వాంతులై, బ్యాగ్‌లో ఏమీ రాకపోతే అడ్డు పడిందని అనుకోవాలి. ఇలియోస్టమీ వాళ్లకు ఆరు గంటలు ఏమీ రాకపోయినా చాలు, ఫోన్ చేయాలి. స్టోమా ఉన్నట్టుండి పొడవుగా బయటికి వచ్చేసినా, లోపలికి గుంజుకుపోయినా చూపించాలి. నీళ్లలా ఆగకుండా పోతూ, మూత్రం తగ్గి ముదురు రంగులో వస్తూ, నిలబడితే కళ్లు తిరిగితే ఓఆర్ఎస్ తాగిస్తూనే తీసుకెళ్లండి. జ్వరం, గాయం నుంచి చీము కూడా ఇంతే. రాత్రి పూట డ్యూటీలో ఉండే డాక్టరుకి ఏం ఆపరేషన్ జరిగిందో తెలియదు, డిశ్చార్జ్ కాగితం జిరాక్స్ ఒకటి ఆ జిప్పు పౌచ్‌లోనే పెట్టుకోండి.

సామాను కొనడం

ఫ్లాంజ్, బ్యాగ్ విడివిడిగా ఉండే రకం వాడితే రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి కొనాలి, 57 మిల్లీమీటర్ల ఫ్లాంజ్‌కి 60 మిల్లీమీటర్ల బ్యాగ్ పట్టదు. కోలోప్లాస్ట్, హోలిస్టర్, కన్వాటెక్, ఏది పడుతుందో వాళ్ల చర్మమే చెబుతుంది, ఒక్కొక్కటి శాంపిల్ వాడి చూశాకే డబ్బాలు తెప్పించండి. నాలుగు రోజులకొకటి అనుకుంటే నెలకి ఫ్లాంజ్‌లు ఏడెనిమిది కావాలి. ఇది నెలనెలా ఖర్చు, చిన్నది కాదు. ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్య సేవలో జరిగితే తర్వాతి సామానులో ఏమైనా వస్తాయేమో ఆస్పత్రిలోని ఆ పథకం కౌంటర్‌లో అడగండి. ఊళ్లో మెడికల్ షాపులో ఇవి అప్పటికప్పుడు దొరకవు, చెబితే తెప్పించడానికి రెండు మూడు రోజులు పడుతుంది, పండగ రోజులైతే ఇంకా ఆలస్యం. ఖర్చు తగ్గుతుందని ఊడుతున్న ఫ్లాంజ్‌కి టేపు వేసి లాగకండి, చర్మం పోతే దానికయ్యే మందుల ఖర్చే ఎక్కువ. ఎడమ వైపు కొలోస్టమీ ఉన్న కొందరికి నీళ్లతో పేగు కడుక్కునే పద్ధతి నేర్పుతారు, కుదిరితే బ్యాగ్‌ల వాడకం బాగా తగ్గుతుంది, మీ వాళ్లకు సరిపోతుందేమో అడగండి. సొంతంగా మొదలుపెట్టకండి.

ఏ రోజు మార్చారు, ఎన్ని రోజులు నిలిచింది, ఆ రోజు ఏం తిన్నారు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. మా దాంట్లో మొదటి నెలన్నర నా చేతిరాత. ఆ తర్వాత అంతా అమ్మ రాతే, పెన్సిల్‌తో, పాలవాడి లెక్క రాసినట్టు ఒకదాని కింద ఒకటి. ఫ్లాంజ్‌లు ఇంకెన్ని ఉన్నాయో కూడా పక్కన రాస్తుంది. మూడు మిగలగానే నాకు ఫోన్ చేస్తుంది.